ఆర్‌ఓ బిగించేటప్పుడు ముందు చూడాల్సింది డ్రెయిన్ పైపు

మీరు అడిగినవి మూడు. మధురవాడ అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, ఈ వారం కొత్త ఆర్‌ఓ పెట్టిస్తున్నారు, వేస్టు నీళ్ల పైపు సింకులోకి వదలాలా, బాల్కనీ వైపు తీసుకెళ్లాలా అని ఒకటి. బిగించే అబ్బాయి పని సరిగ్గా చేశాడో లేదో మీకెలా తెలుస్తుందని రెండోది. సంక్రాంతి అయ్యాక రెండు నెలలు హైదరాబాద్‌లో మీ అమ్మాయి దగ్గర ఉంటారు కాబట్టి మెషీన్‌లో నీళ్లన్నీ తీసేసి వెళ్లాలా, అలాగే వదిలెయ్యాలా అని మూడోది. నేను పదహారేళ్లుగా విశాఖలో ఇదే పని చేస్తున్నానండి, గోపాలపట్నం నుంచి భీమిలి రోడ్డు దాకా తిరిగాను. మీ మూడు ప్రశ్నలకీ జవాబు ఒకచోటే ఉంది, డ్రెయిన్ పైపు దగ్గర. ఇంట్లో అందరూ కుళాయిలోంచి వచ్చే నీళ్లనే చూస్తారు, వేస్టు పైపు వైపు ఎవరూ చూడరు. మెషీన్ ఎలా ఉందో చెప్పేది మాత్రం ఆ పైపే.

అన్నిటికంటే ముందు ఒక మాట. మీ నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, ఖనిజాల మొత్తం, ఎంతో కొలిచారా? కొలవకపోతే బిగింపు ఒక రెండు రోజులు ఆపండి, కొంపలేమీ మునిగిపోవు. మీటరు రెండు మూడు వందలకి దొరుకుతుంది. మనకి కార్పొరేషన్ నీళ్లు మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ఏలేరు కాలువ ఇలాంటి చోట్ల నుంచి వస్తాయి, అవి నది, రిజర్వాయరు నీళ్లే కాబట్టి ఉప్పు తక్కువ. తాగేనీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. మీకు ఏడాది పొడవునా కార్పొరేషన్ నీళ్లే వచ్చి మీటరు 500 లోపు చూపిస్తుంటే ఆర్‌ఓ అక్కర్లేదు, యూవీ (అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపేది), యూఎఫ్ (సన్నటి రంధ్రాల వడపోత) ఉన్న మామూలు ఫిల్టరు చాలు. 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించమని 2019లోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది, కారణం ఈ వేస్టు నీళ్లే. ఆర్‌ఓలు బిగించి బతికేవాడిని నేనే ఈ మాట చెప్తున్నాను, వినండి.

కానీ మధురవాడ, పీఎం పాలెం వైపు చాలా అపార్ట్‌మెంట్లలో సంపులో కార్పొరేషన్ నీళ్లు, బోరు నీళ్లు కలిసిపోతాయి, ఎండాకాలం ట్యాంకరు నీళ్లు కూడా తోడవుతాయి. సముద్రానికి దగ్గర బోర్లయితే తోడేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. అందుకని ఒక్కసారి కొలిచి ఊరుకోకండి. కార్పొరేషన్ నీళ్లు వదిలిన రోజు ఒకసారి, బోరు మోటారు వేసిన రోజు ఒకసారి, వాచ్‌మన్‌ని అడిగి ట్యాంకరు వచ్చిన రోజు ఒకసారి కొలిచి రాసి పెట్టుకోండి. ఒకే కుళాయిలో ఒకరోజు 250, ఇంకోరోజు 900 రావడం నేను చూశాను. టీడీఎస్ మీటరు ఉప్పునే చెప్తుందని, సూక్ష్మక్రిముల గురించి ఏమీ చెప్పదని కూడా గుర్తుంచుకోండి. 100 చూపించిన నీళ్లు కూడా మురుగు కలిసినవై ఉండొచ్చు.

సరే, మీకు ఆర్‌ఓ అవసరమే అనుకుందాం. లోపల జరిగేది ఏమిటంటే, నీళ్లు ముందు సెడిమెంట్ ఫిల్టరులో మట్టి, తర్వాత కార్బన్ ఫిల్టరులో క్లోరిన్ వదిలించుకుని, పంపు తోసిన ఒత్తిడికి మెంబ్రేన్ అనే సన్నటి వడపోత పొరలోకి వెళ్తాయి. అక్కడ రెండు దార్లు. పొర దాటిన నీళ్లు ట్యాంకులోకి, దాటలేని ఉప్పుని మోసుకుని మిగతా నీళ్లు డ్రెయిన్‌లోకి. అంటే డ్రెయిన్ నీళ్లు ఊరికే పోయేవి కావు, పొర మీద ఉప్పు పేరుకోకుండా ఎప్పటికప్పుడు కడుగుతున్న నీళ్లు అవి. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా గార పడుతుంది చూశారా, డ్రెయిన్ మూసుకుపోతే మెంబ్రేన్ మీద అదే గార కడుతుంది, కొన్ని వారాల్లోనే వేలు పోసి కొన్న మెంబ్రేన్ పాడవుతుంది. కొంతమంది నీళ్లు వృథా అవుతున్నాయని డ్రెయిన్ పైపుని నొక్కి రబ్బరు బ్యాండు వేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఎంత నీరు బయటికి పోవాలో లెక్కగా వదలడానికి లోపల ఎఫ్‌ఆర్ అనే చిన్న ముక్క ఉంటుంది, ఆ పని దానికి వదిలెయ్యండి.

ఇప్పుడు పైపు ఎక్కడికి వదలాలి అన్నది. నా సలహా బాల్కనీయే, అంటే మీ వాషింగ్ మెషీన్ ఉన్న యుటిలిటీ వైపు. ఎందుకో చెప్తాను. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకి కలిపి రోజుకి 20 లీటర్లు తీశారనుకోండి, ఒకటికి మూడు చొప్పున 60 లీటర్లు డ్రెయిన్‌లోకి పోతాయి, నెలకి 1800 లీటర్లు. మే నెలలో ఆరువందల లీటర్ల కోసం ట్యాంకరు డ్రైవరుని బతిమాలే అపార్ట్‌మెంట్లలో ఇన్ని నీళ్లు సింకులోకి వదలడానికి నాకు మనసొప్పదు. యుటిలిటీలో మూత ఉన్న 50 లీటర్ల డ్రమ్ము ఒకటి పెట్టండి. మూతకి కన్నం చేసి పైపు దూర్చండి, కానీ పైపు చివర డ్రమ్ములో నీటిమట్టానికి ఎప్పుడూ పైనే ఉండాలి. డ్రమ్ము పై అంచుకి నాలుగు వేళ్ల కింద ఇంకో లావు పైపు పెట్టించి నేల మీద తూము దగ్గరికి వదలండి, నిండితే అటు పోతుంది, ఇల్లంతా చెరువు కాదు.

ఆ నీళ్లు దేనికి పనికొస్తాయో మీరే లెక్క వేసుకోవచ్చు. మీ నీళ్లు 600 అనుకోండి. నాలుగు లీటర్లు లోపలికి వెళ్లి ఒక లీటరు మంచినీళ్లు వస్తే, మిగతా మూడు లీటర్లలో 800 దాకా ఉంటుంది. అంతే. అది విషం కాదు, గచ్చు తుడవడానికి, బాత్రూములు కడగడానికి, ఫ్లష్‌లో పొయ్యడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. అదే మీ బోరు 1500 అయితే డ్రెయిన్‌లో దాదాపు 2000 వస్తుంది, దాన్ని కుండీల్లో మొక్కలకి పొయ్యకండి, కుండీలో ఉప్పు బయటికి పోయే దారి లేక ఆకు అంచులు మాడిపోతాయి. కింద నేలలో కొబ్బరి చెట్టు ఉంటే దానికి పొయ్యొచ్చు, అది ఉప్పుని ఓర్చుకుంటుంది. స్టీలు గిన్నెలకీ, కారుకీ వాడితే తెల్ల మరకలు పడతాయి. తాగడానికి, వంటకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

సింకే దిక్కు అయితే, పైపుని సింకు కింది మురుగు గొట్టంలోకి దూర్చనివ్వకండి. మొదట్లో నేనే ఆ తప్పు చేశాను. పెదవాల్తేరులో ఒక ఇంట్లో పైపు బయటికి కనిపించకూడదని ఇంటివాళ్లు అడిగితే సింకు కింద గొట్టానికి కన్నం చేసి అరచేతి పొడుగున లోపలికి తోసేశాను. నాలుగు నెలలకి ఫోను, నీళ్లు అదో రకం వాసన వస్తున్నాయని. వెళ్లి చూస్తే సింకు జామ్ అయి మురుగు నిలిచి ఉంది, పైపు చివర అందులో మునిగి ఉంది, పైపు కోస్తే లోపల నల్లటి జిగురు మెషీన్ వైపు పాకుతూ కనిపించింది. ఆ ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. పైపులు, ఫిల్టర్లు, మెంబ్రేన్ అన్నీ నా డబ్బుతో మార్చాను. ఆ రోజు నుంచి డ్రెయిన్ పైపు చివరికీ మురుగు నీటికీ మధ్య కంటికి కనిపించేంత ఖాళీ లేకుండా నేను ఏ మెషీనూ బిగించలేదు. సింకు తొట్టి అంచుకి చిన్న క్లిప్పు వేసి పైపుని గాలిలో వేలాడనివ్వండి, చూడ్డానికి బాగుండకపోయినా సరే. సింకు కింద గొట్టానికి క్లాంపు వేసే మోడల్ అయితే ఆ క్లాంపు వంపు గొట్టానికి పైన ఉండాలి, దాని తర్వాత కాదు, లేకపోతే డ్రైనేజీ కంపు పైపులోకి ఎక్కుతుంది.

బాల్కనీ దాకా ఐదారు మీటర్ల పైపు వేసినా ఇబ్బంది లేదు. కానీ మలుపుల దగ్గర నొక్కుకుపోకూడదు, తలుపు సందులోంచి తియ్యకూడదు, ఎండ పడే చోట తెల్ల పైపు వదిలేస్తే లోపల పాచి పడుతుంది, రెండు వేసవులకి పెళుసెక్కి విరుగుతుంది. కరెంటు వైర్లకి వాడే పీవీసీ గొట్టం లోంచి తీయించండి.

బిగించే రోజు మీరు పక్కనే నిలబడండి, అబ్బాయి ఏమీ అనుకోడు. చూడాల్సినవి చెప్తాను. కుళాయి దగ్గర నీళ్లు ఆపడానికి విడిగా వాల్వు పెట్టాలి, ఇదొక్కటీ మర్చిపోనివ్వకండి, ఎందుకో కింద చెప్తాను. వాల్వు మరకి టెఫ్లాన్ టేపు బిగింపు తిరిగే వైపే పది చుట్లు చుట్టాలి. పైపుని బ్లేడుతో నిటారుగా కొయ్యాలి, ఏటవాలుగా కోస్తే కనెక్టర్లో సరిగ్గా కూర్చోక నెల తర్వాత చుక్క చుక్క కారడం మొదలవుతుంది. లోపలికి తోసినప్పుడు ఒకసారి ఆగినట్టు అనిపిస్తుంది, ఇంకొంచెం గట్టిగా తోస్తే పూర్తిగా కూర్చుంటుంది, తర్వాత వెనక్కి లాగి చూడాలి. బయట ప్రీఫిల్టరు బౌల్ తప్పకుండా పెట్టించండి, వానాకాలం ఒక్క నెలలోనే అందులో ఉండే క్యాండిల్ అనే వడపోత కడ్డీ ఎర్రమట్టి రంగుకి తిరుగుతుంది, అది లేకపోతే ఆ మట్టంతా మెషీన్ లోపలికే. మీది ఐదంతస్తుల బిల్డింగు, మూడో అంతస్తు అంటే పైన ట్యాంకు నుంచి తొమ్మిది పది మీటర్ల ఎత్తు వస్తుంది, పది మీటర్లకి ఒక బార్ చొప్పున ప్రెషర్ సరిపోతుంది. ఐదో అంతస్తు వాళ్లకే ట్యాంకు నెత్తి మీదే ఉండి నీళ్లు సన్నగా వస్తాయి, పంపు గొంతెండినట్టు అరుస్తుంది. బీచ్‌కి దగ్గర ఇళ్లలో అయితే ఉప్పు గాలికి అడాప్టర్ పిన్నులు, ఇనప స్క్రూలు తుప్పు పట్టి పోతాయి, స్టీలు స్క్రూలు అడగండి, మెషీన్‌ని కిటికీ ఎదురుగా పెట్టించకండి.

బిగించిన వెంటనే "తాగండి సార్" అని గ్లాసు చేతికిస్తే తాగకండి. కొత్త కార్బన్ నుంచి నల్లటి పొడి వస్తుంది, మెంబ్రేన్ పాడవకుండా వేసిన మందు కూడా ఉండొచ్చు. మొదటి రెండు ట్యాంకులు నిండనిచ్చి పూర్తిగా పారబొయ్యాలి. మూడో ట్యాంకు నుంచి వాడుకోండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకి అసలు జవాబు, రెండు సీసాల పరీక్ష. మెషీన్ నడుస్తుండగా ట్యాంకులోకి పడే సన్న పైపు కింద ఒక సీసా, డ్రెయిన్ పైపు కింద ఒక సీసా, ఫోనులో సరిగ్గా ఒక నిమిషం. మంచినీళ్లు 200 మిల్లీలీటర్లు, డ్రెయిన్ 500 వచ్చాయనుకోండి, ఒకటికి రెండున్నర, చక్కగా ఉన్నట్టు. డ్రెయిన్ మరీ తక్కువ, మంచినీళ్లతో సమానంగా వస్తోందంటే సంతోషపడకండి, బోరు నీళ్లకి అది మెంబ్రేన్‌ని తొందరగా చంపుతుంది. ఐదారు రెట్లు పోతోందంటే తప్పు ఎఫ్‌ఆర్ వేసైనా ఉంటారు, మెంబ్రేన్ అయినా మూసుకుపోతోంది. తర్వాత రెండు సీసాల్లోనూ టీడీఎస్ చూడండి. మెంబ్రేన్ బాగుంటే ఉప్పులో 90 శాతం పైనే ఆగిపోతుంది, అంటే 600 నీళ్లకి 60 లోపు. అయితే టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది, అది రుచి కోసం కొంచెం పచ్చినీళ్లని కలుపుతుంది. అది మూసి కొలిస్తేనే మెంబ్రేన్ సంగతి తెలుస్తుంది, తెరిచి ఉంచితే తెలియదు. కొలిచాక 80, 100 దగ్గర పెట్టించుకోండి. 20 చూపిస్తే గొప్ప అనుకోకండి, ఆ నీళ్లు చప్పగా ఉంటాయి, ఖనిజాలూ ఉండవు. ఈ కొలతలు తారీఖు వేసి మెషీన్ పక్కన కాగితం అంటించండి. ఆరు నెలలకోసారి అదే పరీక్ష. అప్పుడు ఎవరో ఫోన్ చేసి "మెంబ్రేన్ పోయింది, మార్చాలి" అంటే నమ్మాలో వద్దో మీ కాగితమే చెప్తుంది.

ఇంకొకటి, ట్యాంకు నిండాక డ్రెయిన్ ఆగాలి. ఆగకుండా పోతుంటే ప్లగ్ తీసెయ్యండి. అప్పుడూ నీళ్లు పోతున్నాయంటే లోపల నీళ్లు ఆపే ఎస్‌వీ వాల్వులో చెత్త ఇరుక్కుని మూసుకోవట్లేదు. ప్లగ్ తీస్తే ఆగి, పెడితే ట్యాంకు నిండి ఉన్నా పంపు నడుస్తోందంటే ట్యాంకులో ఫ్లోట్ ఇరుక్కుంది. రెండూ చిన్న రిపేర్లే, కానీ పట్టించుకోకపోతే రాత్రంతా వందల లీటర్లు పోతాయి. పంపు నడుస్తూ డ్రెయిన్‌లో చుక్క రావట్లేదంటే మాత్రం వెంటనే ఆపేసి మనిషిని పిలవండి.

హైదరాబాద్ ప్రయాణం సంగతి. బయల్దేరే రోజు మెషీన్‌ని ఒక పావుగంట నడపండి, మెంబ్రేన్ మీద నిలిచిన ఉప్పు నీళ్లు కొట్టుకుపోతాయి. తర్వాత కుళాయి దగ్గర వాల్వు మూసెయ్యండి, ప్లగ్ తీసెయ్యండి. ఆ వాల్వు గురించి పైన గట్టిగా చెప్పింది ఇందుకే. అక్కయ్యపాలెంలో ఒక కుటుంబం సంక్రాంతికి ఊరెళ్తూ స్విచ్ ఒక్కటే ఆపి వెళ్లారు, లోపలి పైపు ఒకటి ఊడి మూడు రోజులు నీళ్లు కారాయి, కింద ఇంటివాళ్ల పరుపులు, బియ్యం బస్తా తడిసిపోయాయి. స్విచ్ ఆపితే కరెంటే ఆగుతుంది, కుళాయి నుంచి మెషీన్ దాకా ఉన్న పైపులో ప్రెషర్ అలాగే ఉంటుంది.

వాల్వు మూశాక మెషీన్ కుళాయి తిప్పి ట్యాంకు ఖాళీ చెయ్యండి. కుళాయి మట్టం కింద రెండు వేళ్ల నీళ్లు మిగిలిపోతాయి, మూత తీసి శుభ్రమైన గుడ్డతో పీల్చి, గోడలు తుడిచి, ఒక పూట ఆరనిచ్చి మూత పెట్టెయ్యండి. బౌల్‌ని పానాతో విప్పి నీళ్లు పారబోసి, క్యాండిల్ పాతదైతే పడేసి ఖాళీ బౌల్ బిగించండి. డ్రెయిన్ పైపు చివర దోమతెర ముక్క రబ్బరు బ్యాండుతో కట్టండి, బొద్దింకలు దూరకుండా. గుడ్డ కుక్కకండి, వచ్చాక తియ్యడం మర్చిపోతే మెషీన్ పాడవుతుంది.

మెంబ్రేన్‌లో నీళ్లు మాత్రం తియ్యొద్దు. నీళ్లన్నీ తీసెయ్యాలా అని అడిగారు కదా, ఇదొక్కటి మినహాయింపు. తడిసిన మెంబ్రేన్ ఎండిపోతే పొర దెబ్బతిని మళ్లీ మునుపటిలా నీళ్లు వదలదు. రెండు నెలలే కాబట్టి హౌసింగులోనే మూసి ఉంచండి. ఆరు నెలలు దాటి వెళ్లేవాళ్లు మాత్రం తిరిగొచ్చాక కొత్త ఫిల్టర్లు, కొత్త మెంబ్రేన్ వేయించుకోవాలనే లెక్కతో వెళ్లడం మంచిది. సింకు కింద గాలి ఒత్తిడి ట్యాంకు ఉన్న మోడల్ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరు కూడా వాల్వు మూసి కుళాయి తిప్పి ట్యాంకు పూర్తిగా ఖాళీ చెయ్యండి. ఖాళీగా ఉన్నప్పుడు అందులో గాలి 7, 8 పీఎస్ఐ ఉండాలి, తగ్గితే సైకిల్ పంపుతో కొట్టొచ్చు.

వచ్చాక వాల్వు మెల్లగా తిప్పండి, ఐదు నిమిషాలు మెషీన్ కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి, అప్పుడు ప్లగ్ పెట్టండి. కార్బన్ ఫిల్టరు క్లోరిన్ని తీసేస్తుంది కాబట్టి దాని తర్వాత ఉన్న నీళ్లకి రక్షణ లేదు, నిలవ ఉంటే క్రిములు పెరుగుతాయి. అందుకని రెండు ట్యాంకులు పారబోసి మూడోది తాగండి. నాలుగు రోజులు ఊరెళ్లొచ్చినా ఒక ట్యాంకు పారబొయ్యండి. కార్బన్, సెడిమెంట్ ఆరు నెలలు దాటి ఉంటే అప్పుడే మార్పించండి.

తుపాను సంగతి కూడా ఒక్క ముక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఆర్‌ఓ ఉన్న ఇళ్లలోనే తాగడానికి నీళ్లు లేక తిరిగారు. హెచ్చరిక రాగానే రెండు 20 లీటర్ల క్యాన్లు పట్టి పెట్టుకోండి. తుపాను తర్వాత వచ్చే మొదటి నీళ్లు బురదగా ఉంటాయి, అవి తేటపడేదాకా మెషీన్ వాల్వు తియ్యకండి.

బిగింపు అయ్యాక మీ రెండు సీసాల కొలతలు, మూడు రోజుల టీడీఎస్ ఇక్కడ రాయండి, మీ ఎఫ్‌ఆర్ సరిపోయిందో మార్చాలో చెప్తాను.